శక్తి మార్పు – న్యాయము: మన బిడ్డలు చేపట్టదగిన ఒక జీవిత కృషి

భివండిలో కరెంటు ఆగినచో సాంచాలు ఆగును. సాంచాలు ఆగినచో మీటరు చొప్పున కూలి పొందువాని సంపాదన ఆగును. పడుగు, పేక, బీము, కండె అన్నియు సిద్ధముగా ఉన్నను, తీగలో ప్రవహించు ఆ కంటికి కానరాని శక్తి లేనిదే గజము గుడ్డయైనను రాదు. ఈ సంగతి మన పట్టణమున పసిపిల్లలకును తెలియును. అయితే ఆ శక్తి ఎచ్చటినుండి వచ్చుచున్నది, దాని వెల ఎవరు నిర్ణయించుచున్నారు, అది మారునపుడు లాభమెవరికి, నష్టమెవరికి అను ప్రశ్నలను మనము తఱచుగా వేసికొనము. ఈ ప్రశ్నలకు సమాధానములు వెదకుటనే జీవిత కృషిగా గైకొన్నవారు మన దేశమున కలరు. వారి పని ఎట్టిదో, ఆ పనికి మన పాఠశాల బిడ్డలు ఎట్లు అర్హులు కాగలరో తల్లిదండ్రుల ముందుంచుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

శక్తి మార్పు అనగానేమి?

బొగ్గును మండించినచో వేడి పుట్టును; ఆ వేడిచే నీరు ఆవిరియై యంత్రమును త్రిప్పును; యంత్రము తిరిగినచో విద్యుత్తు పుట్టును. ఈ పద్ధతిలో వెలువడు బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరి భూగోళమును క్రమక్రమముగా వేడెక్కించుచున్నది. కావున లోకమంతయు బొగ్గు, చమురులనుండి సూర్యరశ్మి, గాలి మొదలగు తరుగని వనరుల వైపునకు మరలుచున్నది. దీనినే శక్తి మార్పు అనుచున్నారు.

మన దేశము 2070 నాటికి గాలిలో చేర్చు వాయువును, తొలగించు వాయువును సరిసమానము చేయుదునని 2021లో గ్లాస్గో నగరమున జరిగిన ప్రపంచ సభలో ప్రకటించినది. 2025 జనవరి నాటికి దేశమున నెలకొల్పిన సౌర విద్యుత్ సామర్థ్యము 1,00,000 మెగావాట్లు దాటినది. అదే సంవత్సరము మధ్య నాటికి మొత్తము విద్యుత్ సామర్థ్యములో సగము బొగ్గు, చమురు, సహజవాయువు కాని వనరులదే అయినది. అయితే సామర్థ్యము వేరు, ఉత్పత్తి వేరు. సూర్యుడు సాయంకాలమునకు అస్తమించును; మన సాంచాలు రాత్రియును నడచును. అందుచేత నేటికిని దేశమున పుట్టు విద్యుత్తులో అధిక భాగము బొగ్గునుండియే వచ్చుచున్నది. మార్పు ఆరంభమైనది, కాని పూర్తి కాలేదు. ఈ మార్పును నడుపు బాధ్యత నేడు బడిలో చదువుచున్న పిల్లల తరముపై పడనున్నది.

మనము చూచిన మార్పులు

ఇట్టి మార్పు మన వారికి క్రొత్త కాదు. చేతిమగ్గమును నడపినది మనిషి కండబలము. మరమగ్గమును నడపినది విద్యుత్తు. ఒక శక్తి స్థానమున మఱియొక శక్తి వచ్చినది. ఒక్కడు కూర్చుండి ఒక మగ్గము నేయుచోట, ఒక్కడు నిలుచుండి పెక్కు మగ్గములను చూచుకొను కాలము వచ్చినది. గుడ్డ చవుక అయినది. కాని తెలంగాణ జిల్లాలలో చేతిమగ్గమునే నమ్మిన కుటుంబములకు ఈ మార్పు జరుగునపుడు ఎవరును దారి చూపలేదు. వారు తమంతట తాము బొంబాయికి, సోలాపురమునకు, సూరత్తునకు, భివండికి వలస వచ్చిరి. మన పద్మానగరు అట్టి వలసలవలన నిండిన పేట.

రెండవ ఉదాహరణము బొంబాయి మిల్లులది. 1982 జనవరి 18న ప్రారంభమైన సమ్మెలో సుమారు 2.5 లక్షల కార్మికులు పాల్గొనిరి. అందు తెలుగువారును ఉండిరి. సమ్మె తరువాత పెక్కు మిల్లులు మూతపడినవి. నేత పని భివండి వంటి మరమగ్గపు పట్టణములకు మరింతగా తరలినది. పని పోలేదు, చోటు మారినది; కాని మిల్లులో కార్మికునకున్న ప్రావిడెంటు ఫండు, సెలవులు, సంఘబలము ఆ పనితోపాటు తరలి రాలేదు.

ఈ రెండు చరిత్రలనుండి మనము గ్రహింపవలసిన పాఠ మొక్కటియే. యంత్రము మారుటలో దోషము లేదు. మారునపుడు నష్టపడువారెవరో ముందుగా లెక్కింపకుండుటలోనే దోషమున్నది. ఈసారి మార్పు రాకముందే ఆ లెక్క వేయువారు కావలెను.

అమూల్య రెడ్డి వేసిన ప్రశ్న

అట్టి లెక్కకు మన దేశమున బాట వేసినవారిలో ముఖ్యులు ఆచార్య అమూల్య కుమార్ నారాయణ రెడ్డిగారు. వారు 1930లో బెంగుళూరున జన్మించిరి. లండనులో విద్యుద్రసాయన శాస్త్రమున డాక్టరు పట్టము పొంది, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులైరి. ఆ శాస్త్రమున వారు బాక్రిస్ పండితునితో కలిసి వ్రాసిన గ్రంథము ప్రపంచ ప్రసిద్ధము. అట్టి పండితుడు తన ప్రయోగశాలలోనే సుఖముగా కాలము గడపవచ్చును. కాని రెడ్డిగారు 1974లో ఆ సంస్థలోనే ‘అస్త్ర’ అను విభాగమును స్థాపించి, గ్రామీణుల అవసరములకు శాస్త్రమును వినియోగించు పనికి పూనుకొనిరి.

అప్పటివరకు ప్రణాళికలు వేయువారు అడుగుచుండిన ప్రశ్న ‘రాబోవు పదేండ్లలో ఎంత విద్యుత్తు పుట్టింపవలెను?’ అనునది. రెడ్డిగారు ఆ ప్రశ్ననే మార్చిరి. మనిషికి కావలసినది విద్యుత్తు కాదు. వెలుగు, నీరు, వండిన అన్నము, నడచు యంత్రము. కావున ఏ పనికి, ఎవరికి, ఎంత తక్కువ శక్తితో ఆ సౌకర్యము చేకూర్పవచ్చునని అడుగవలెను. 1988లో వారు మువ్వురు విదేశీయ శాస్త్రజ్ఞులతో కలిసి ప్రకటించిన గ్రంథములో, సమర్థమైన పరికరములు వాడినచో తలకు సుమారు ఒక కిలోవాటు శక్తితోనే ఎల్లవారికిని మంచి జీవన ప్రమాణము సాధ్యమని లెక్కకట్టి చూపిరి. ఈ కృషికి ఆ నలువురకు 2000 సంవత్సరమున వోల్వో పర్యావరణ బహుమతి లభించినది. రెడ్డిగారు 2006లో కీర్తిశేషులైరి.

కర్ణాటకములోని తుమకూరు జిల్లా పుర గ్రామమున వారు, వారి సహచరులు చేసిన పని ఈ విషయమును విశదము చేయును. మొదట పశువుల పేడనుండి తీసిన వాయువును ఇంటింటికి వంటకై ఈయదలచిరి. ఊరిలోని పేడ అందుకు చాలలేదు. ఆ ప్రయత్నము ఫలింపలేదు. వారు నిరాశపడక గ్రామస్థులను మరల సంప్రదించిరి. ఫలితముగా 1987లో అదే వాయువుతో ఇంజను నడిపి విద్యుత్తు తీసి, ఇండ్లకు దీపములు, బోరుబావినుండి కుళాయి నీరు ఏర్పాటు చేసిరి. పేడ తెచ్చి యిచ్చినవారికి ఎరువు తిరిగి లభించుచుండెను. కొంచెము శక్తి, కాని స్త్రీల తలపై బిందె భారము తగ్గినది. శక్తి విలువను యూనిట్లతో గాక, అది తీర్చిన కష్టముతో కొలువవలెననుటకు ఇది నిదర్శనము.

పూనాలో గిరీశ్ సంత్ కృషి

రెండవవారు మన మహారాష్ట్రమునకు చెందిన గిరీశ్ సంత్‌గారు. బొంబాయి ఐ.ఐ.టి.లో శక్తి శాస్త్రము చదివిన ఈ యువకుడు పెద్ద జీతపు కొలువునకు పోక, పూనాలోని ‘ప్రయాస్’ సంస్థలో మిత్రులతో కలిసి విద్యుత్ రంగపు లెక్కలను ప్రజల పక్షమున పరిశీలించు పనికి దిగిరి.

1993లో రాష్ట్ర విద్యుత్ మండలి దాభోల్ విద్యుత్ కేంద్రమును గూర్చి ఎన్రాన్ సంస్థ పక్షముతో ఒప్పందము చేసికొనెను. ఆ ఒప్పందము సామాన్యునకు అర్థము కానంత చిక్కుగా ఉండెను. సంత్‌గారు, వారి సహచరులు ఆ పత్రములను విప్పి, ఆ విద్యుత్తు ఎంత ఖరీదైనదో, ఆ భారము ఎవరిపై పడునో అంకెలతో చూపిరి. దాభోల్ కేంద్రము 1999లో విద్యుత్తు నిచ్చుట ప్రారంభించి 2001లో మూతపడినది. అదే సంవత్సరము డిసెంబరులో ఎన్రాన్ సంస్థయే దివాలా తీసినది.

రైతుల పంపుసెట్ల సంగతి మఱియొకటి. మీటర్లు లేని పంపుసెట్లు ఎంత విద్యుత్తు వాడుచున్నవో అంచనాయే గాని కొలత లేదు. 1996లో సంత్, దీక్షిత్‌గారలు ప్రకటించిన పరిశీలనములో, రాయితీ పేరు చిన్న రైతుదైనను దాని ఫలములో పెద్ద భాగము పెద్ద కమతములవారికి చేరుచున్నదని చూపిరి. పేదవాని పేర వ్రాయబడిన ఖర్చు నిజముగా పేదవానికి చేరుచున్నదా అని పరీక్షించుటయే న్యాయమునకు తొలిమెట్టు. సంత్‌గారు 2012లో చిన్న వయసుననే మరణించిరి. వారి సంస్థ నేటికిని ఆ పని సాగించుచున్నది.

ఈ యిరువురును విద్యుత్ కేంద్రములు కట్టినవారు కారు, లెక్క సరిచూచినవారు. లెక్క సరిచూచుట ఏ కులమువానికైనను, ఏ భాషవానికైనను నేర్చిన వచ్చు విద్య.

బొగ్గు ఊళ్ల భవిష్యత్తు

మనలో పెక్కుమంది పూర్వీకుల జిల్లాలు సింగరేణి బొగ్గు నేలకు దాపుననే ఉన్నవి. ఇల్లెందు ప్రాంతమున 1889లో బొగ్గు త్రవ్వకము మొదలైనది. ఒకప్పుడు లక్షకు పైగా ఉద్యోగులుండిన సింగరేణి సంస్థలో నేడు అందు సగమైనను లేరు. ఇది సూర్యశక్తివలన జరిగినది కాదు. యంత్రములు, ఉపరితల గనులు పెరిగినందున జరిగినది. ముందు ముందు బొగ్గు వాడుకయే తగ్గినచో గోదావరిఖని, మందమఱ్ఱి వంటి ఊళ్ల గతి ఏమి?

ఆ ప్రాంతముననే క్రొత్త శక్తియు అడుగుపెట్టినది. రామగుండము ఎన్.టి.పి.సి. జలాశయముపై 100 మెగావాట్ల తేలియాడు సౌర కేంద్రము 2022 జులై 1 నాటికి పూర్తిగా పనిలోనికి వచ్చినది. సుమారు 500 ఎకరముల నీటిపై పరచిన ఆ పలకలు ఏటా 1,65,000 టన్నుల బొగ్గును మిగుల్చుననియు, నీరు ఆవిరియగుటను తగ్గించుననియు అంచనా. ఇది సంతోషకరము. కాని పలకలు నీటిపై తేలుచు విద్యుత్తు నిచ్చుటకు గనిలో కావలసినంతమంది మనుషులు అక్కఱలేదు. బొగ్గు మిగిలినది, బొగ్గు త్రవ్వు చేతికి పని ఎక్కడ? ఈ ప్రశ్నకు సమాధానము లేని మార్పు సగము మార్పే.

అమెరికా దేశమున చమురు, రసాయన కార్మికుల నాయకుడు టోనీ మజోకీ ఈ ప్రశ్ననే లేవనెత్తెను. హానికరమైన పరిశ్రమను మాన్పునపుడు అందలి కార్మికునకు జీతము, చదువు, క్రొత్త పని సమాజమే చూపవలెనని అతడు వాదించెను. ‘న్యాయమైన మార్పు’ అను మాట అట్టి కార్మికోద్యమములనుండియే పుట్టి, 2015 నాటి పారిస్ ఒప్పందములోనికి ఎక్కినది. జర్మనీలోని రూర్ ప్రాంతము ఇందుకు మంచి ఉదాహరణము. అచ్చట గనులను మూయు గడువును 2007లోనే నిశ్చయించి, 2018 డిసెంబరు 21న కడపటి గనిని మూసిరి. ఆ నడుమ కార్మికులను వీధిపాలు చేయక కొందఱకు ముందస్తు పింఛను, కొందఱకు వేఱు పని చూపిరి. అంతకు మున్నే, 1965లో, ఆ గనుల నడుమ బోఖుమ్ నగరమున విశ్వవిద్యాలయము తెఱచిరి. గని మూయుటకంటె ముందు బడి తెఱచుట వివేకము.

సూర్యశక్తియు తనంతట తాను న్యాయము చేయదు. పుర గ్రామమున్న తుమకూరు జిల్లాలోనే పావగడలో సుమారు 13,000 ఎకరములపై 2,050 మెగావాట్ల సౌర కేంద్రము వెలసినది. భూమి అమ్మనక్కఱలేకుండ, ఎకరమునకు ఏటా రూ. 21,000తో మొదలుపెట్టి కౌలు నిచ్చు ఏర్పాటు చేసిరి. భూమి గలవారికి ఇది మేలైన పద్ధతి. కాని ఆ పొలములలో కూలి చేసికొను భూమి లేని వారికి కౌలు రాదు, కూలియు పోవును. ఎండ అందఱిపైనను సమముగానే కాయును. దాని ఫలము మాత్రము సమముగా పంచబడదు.

ఇక మన సాంచాల లెక్క

ఇప్పుడు పై ప్రశ్నను మన ఇంటికి తెచ్చి చూతము. ఒక కార్ఖానాలో 24 సాంచాలున్నవనుకొనుడు. ఒక్కొక్కదానికి ఒక అశ్వశక్తి మోటారు. అనగా 746 వాట్లు. అన్నియు కలిసి సుమారు 18 కిలోవాట్లు. పూర్తి బరువుతో దినమునకు 20 గంటలు నడచినచో 360 యూనిట్లు.

కప్పుపై ఒక కిలోవాటు సౌర పలకలకు సుమారు 100 చదరపు అడుగులు కావలెను. అది దినమునకు సగటున 4 యూనిట్లు ఇచ్చును. కప్పు 2,400 చదరపు అడుగులైనచో 24 కిలోవాట్లు. అనగా 96 యూనిట్లు. కావలసిన 360లో ఇది నాల్గవ వంతునకు కొంచెము పైన మాత్రమే. మిగిలినది తీగనుండియే రావలెను. అంతేగాక పాత సిమెంటు రేకుల కప్పు ఆ పలకల బరువును మోయునో లేదో ముందుగా పరీక్షింపవలెను.

మఱియొక మార్గము చూడుడు. పలుమారులు కాలి, మరల తీగ చుట్టించిన పాత మోటారు ఎక్కువ విద్యుత్తు త్రాగును. మంచి మోటారు పెట్టి, బెల్టులు, బేరింగులు సరిచేసి పదవ వంతు ఆదా చేసినచో దినమునకు 36 యూనిట్లు మిగులును. ఇందుకు కప్పు అక్కఱలేదు, ఎండ అక్కఱలేదు. ఏ పనికి ఎంత తక్కువ శక్తి చాలునని అమూల్య రెడ్డిగారు వేసిన ప్రశ్న మన కార్ఖానాలో ఫలించు విధ మిది.

ఇంతవరకు లెక్క. ఇక న్యాయము. భివండిలో పెక్కుచోట్ల కప్పు ఒకరిది, సాంచాలు మఱియొకరివి, నూలు ఇచ్చి గుడ్డ తీసికొను వ్యాపారి వేఱొకరు, నేయువాడు నాల్గవవాడు. పలకలు కప్పువానివి, బిల్లు సాంచాలవానిది, మిగిలిన సొమ్ములో నేతవానికి భాగమున్నదా? 2017 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వము మన భివండిలోనే ‘పవర్‌టెక్స్ ఇండియా’ పథకమును ప్రారంభించినది. అందు మరమగ్గములకు సౌరశక్తి నెలకొల్పుకొనువారికి సామాన్య వర్గమున 50 శాతము, షెడ్యూల్డు కులములకు 75 శాతము, షెడ్యూల్డు తెగలకు 90 శాతము సాయము నిర్ణయించిరి. యజమానులకు అది మేలు చేయు ఆలోచన. అయితే యజమాని కాని నేతవానికి అట్టి పథకములో చోటెక్కడో చెప్పగల లెక్కను ఎవరో ఒకరు వ్రాయవలెను. ఆ వ్రాయువారు మన బిడ్డలేల కారాదు?

2007 జనవరి 26 నుండి భివండి విద్యుత్ పంపిణీ టొరెంట్ పవర్ సంస్థకు ఫ్రాంచైజీగా అప్పగింపబడినది. దేశమున ఇట్టి ఏర్పాటు ఇదియే మొదటిది. అంతకుముందు ఇచ్చటికి వచ్చిన విద్యుత్తులో సగమునకు పైగా సొమ్ము రాని నష్టముగా పోవుచుండెను; తరువాత ఆ నష్టము మిక్కిలి తగ్గినది. ఈ ఏర్పాటువలన కలిగిన మేలు, ప్రజల ఇక్కట్లు రెండింటిని పక్షపాతము లేక పరిశీలించుటకు మన పట్టణమే ఒక పాఠ్యగ్రంథము.

ఏ చదువులు చదువవలెను?

ఈ కృషికి ద్వారములు పెక్కు కలవు. పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ విద్యలు కలవు. ఐ.టి.ఐ., డిప్లొమా చదివినవారికి సౌర పలకల అమరిక నేర్పు ‘సూర్యమిత్ర’ శిక్షణము 2015లో ప్రారంభమైనది. ఇంజనీరింగు చదివి అనుభవము గడించినవారు, 2001 నాటి ఇంధన పొదుపు చట్టము క్రింద ఏర్పడిన జాతీయ సంస్థ పరీక్షలో ఉత్తీర్ణులై శక్తి ఆడిటరు కావచ్చును. ఏ యంత్రము ఎంత వృథా చేయుచున్నదో కనిపెట్టుట వారి పని.

యంత్రములపై మనసు లేని బిడ్డకును చోటు కలదు. 2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము ధరల ప్రతిపాదనలపై సలహాలు, ఆక్షేపణలు తెలుపు హక్కు ప్రజలకున్నది. 1999లో ఏర్పడిన మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమీషను బహిరంగ విచారణలు జరుపును. వినియోగదారుల ఫిర్యాదులకు వేదికలు, వాటిపై అంబుడ్స్‌మన్ కలరు. అచ్చట వాదించుటకు న్యాయశాస్త్రము, లెక్క చూచుటకు వాణిజ్యశాస్త్రము, మేలుకీడులు తూచుటకు అర్థశాస్త్రము కావలెను.

ఇచ్చట మన భాషా పాఠశాలకు ఒక ప్రత్యేకత కలదు. నేతవాడు తన కష్టమును తెలుగులో చెప్పును. కమీషను పత్రములు మరాఠీలో, ఆంగ్లములో ఉండును. కార్ఖానాలో హిందీ నడచును. ఈ భాషలన్నియు ఎఱిగి, అంకెలు ఎఱిగిన బిడ్డ మాత్రమే ఒకరి మాటను మఱియొకరికి చేరవేయగలడు. మాతృభాషలో చదువుట వెనుకబాటు అనుకొనువారికి ఇదియే సమాధానము. ఆడపిల్లలను ఈ విద్యలకు దూరము చేయరాదు. ఇంట శక్తి కొఱత వచ్చినపుడు మొదట కష్టపడునది వారే.

ఇంట చేయదగిన అభ్యాసములు

1. ఈ నెల ఇంటి కరెంటు బిల్లును పిల్లలచే చదివింపుడు. యూనిట్ల ధర ఎంత, స్థిర ఛార్జీ ఎంత, సుంకము ఎంత అని వేఱు వేఱుగా వ్రాయింపుడు.

2. 75 వాట్ల పాత ఫ్యానునకు బదులు 30 వాట్ల క్రొత్త ఫ్యాను దినమునకు 10 గంటలు, ఏడాదికి 300 దినములు తిరిగినచో ఎన్ని యూనిట్లు మిగులును? (సమాధానము: 135.)

3. కార్ఖానాలో కరెంటు ఒక గంట ఆగినపుడు కప్పు యజమాని, సాంచాల యజమాని, వ్యాపారి, నేతవాడు – వీరిలో ఎవరికి ఎంత నష్టము? పెద్దలను అడిగి పట్టిక వేయింపుడు.

ఈ మూడవ ప్రశ్నకు తిన్నగా సమాధానము వ్రాయగల బిడ్డ, తాను ఏ వృత్తికి తగినవాడో ఇప్పటికే చూపినట్లు. అట్టి బిడ్డను ‘ఇంత లెక్క నీకేల?’ అని వారింపకుడు. చదువనిండు.